తలకిందులు కాని స్తంభం

కిందటి వారం కథ ఆపినప్పుడు నన్ను నేనే ధాన్యం కొట్టు తలుపు దగ్గర, చేతిలో తాళంతో వదిలేశాను. అక్కణ్ణించే అందుకుంటాను. పాత కట్టడాల వయసు తేల్చడానికి జిల్లా కచేరీ పంపిన ఫ్రేన్ గారు సైకిలు గోడకి ఆనించి, టోపీ మీది వాన నీళ్ళు దులుపుకుని, కుశల ప్రశ్నలయినా వేయకుండా అడిగిన మాట ఇది: "మిస్ ప్లెడ్జర్, ఆ ఏడో స్తంభం నిలబెట్టింది మీ నాన్నగారేనా?"

ఆ మాటకి నేనేం చెబుతానా అని మా నెదర్‌కోల్ ఊరంతా కాచుకుని ఉంది. గురువారం పాత కట్టడాల కమిటీ కూర్చుంటుంది. మా ఊరి కొట్టు ఏడొందల ఏళ్ళ కింద మఠం వాళ్ళు తమ పొలాల గోధుమలు దాచుకోడానికి కట్టిందే అని తేలితే నిలుస్తుంది. తరవాత్తరవాత ఎవరికి తోచిన అతుకు వాళ్ళు వేసిన బొంత అని తేలితే, శుక్రవారం పొద్దున్నే ఐవర్ కట్‌బుష్ దాన్ని పడగొట్టి ఇనప షెడ్డు వేసుకుంటాడు. పొలం అతనిది, కొట్టు అతనిది, ఆపేవాడు లేడు. ఈ రెంటి మధ్యా అడ్డంగా నిలబడింది ఆ ఒక్క స్తంభమే.

ఆ స్తంభం సంగతి చెప్పాలంటే మా పనివాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఓక్ చెట్టుని స్తంభంగా చెక్కేటప్పుడు మేం దాన్ని తలకిందులు చేస్తాం. వేళ్ళ వైపు మొదలు లావు, ఆ లావు పైకి రావాలి. పైన ఒక్క తల మీదే అడ్డదూలం, నిడుపు దూలం, వాసాలు మోసే కర్ర, మూడూ వచ్చి కూర్చుంటాయి మరి, వాటికి చోటు కావద్దూ? కొమ్మల వైపు సన్నటి భాగం కిందికి వచ్చి రాతి దిమ్మ మీద నిలుస్తుంది. మఠం కొట్టు మధ్యలో నిలబడి తలెత్తి చూస్తే ఒక చిన్న అడవిని తిరగేసి నిలబెట్టినట్టే ఉంటుంది. ఉత్తరం వరసలో ఆరు స్తంభాలు, దక్షిణం వరసలో ఆరు, అన్నీ అంతే. దక్షిణం వరసలో నాలుగో దాని పక్కన మూరెడు ఎడంగా జత లేని స్తంభం ఇంకొకటి ఉంది. దాన్నే ఏడోదంటాం. అది మాత్రం చెట్టు పెరిగినట్టే నిలబడింది. కింద లావు, పైన సన్నం. పైగా దానికి రాతి దిమ్మ లేదు, తిన్నగా నేలలోకి దిగిపోయింది.

మా ఊళ్ళో ఎవడైనా చొక్కా తిరగేసి తొడుక్కుంటే "ఏంట్రా, ప్లెడ్జర్ పని చేశావు?" అంటారు. గుర్రానికి జీను వెనకది ముందుకి వేస్తే ప్లెడ్జర్ పని. సారాకొట్లో గ్లాసు బోర్లించి బీరు పోసినా ప్లెడ్జర్ పనే. మూడు జిల్లాల్లో మా నాన్న ఏమస్ ప్లెడ్జర్ అంతటి వడ్రంగి లేడని ఒప్పుకున్న నోళ్ళే ఇవీ అనేవి. నాన్న ఎన్నడూ బదులు చెప్పలేదు. చచ్చేదాకా ఆ మాట వింటూనే గ్లాసు ఖాళీ చేసి, డబ్బు బల్ల మీద పెట్టి, ఇంటికొచ్చేవాడు. నాకైతే ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది.

"తెలీదండీ," అన్నాను ఫ్రేన్ గారితో.

"తెలీదా? మీరు ఆయన దగ్గరే పని చేశారన్నారు?"

"రంపానికి రెండో పిడి ముప్ఫై ఏళ్ళు నేనే పట్టుకున్నాను. ఆయన తోలు ఏప్రనే నేను కట్టుకున్నది, ఆయన టోపీయే నా నెత్తి మీదున్నది. కానీ ఆ మూడు రోజులూ నన్ను లోపలికి రానివ్వలేదు."

అది పంతొమ్మిది వందల ఇరవై ఒకటి, అక్టోబరు. నాకు పదిహేనేళ్ళు. అంతకు ముందు ఆ స్తంభం ఉన్న చోట కింది నుంచి పైదాకా చెక్కలు బిగించిన గింజల గది ఉండేది. మా తాతల నాటి నుంచీ దాని లోపల ఏముందో చూసినవాళ్ళు లేరు. ఆ ఏడు వచ్చిన గాలివానకి గది ఓ పక్కకి ఒరిగితే, ఐవర్ తండ్రి జోసయా కట్‌బుష్ నాన్నని పిలిపించి విప్పేయమన్నాడు. నాన్న కొట్టు తలుపులు మూసుకుని మూడు రోజులు ఒక్కడే పని చేశాడు. నాలుగో రోజు తలుపులు తీసేసరికి గది లేదు, అది ఉన్న చోట ఈ స్తంభం ఉంది. పై దూలం కుంగితే ఎక్కడిదో పాత కర్ర తెచ్చి కంగారులో తిరగేసి పాతేశాడని ఊరు తీర్పు చెప్పేసింది. నేను మాత్రం మూడు రోజులూ తలుపు బయట రాతి మీద కూర్చుని, నన్నెందుకు రానివ్వలేదా అని ఏడ్చాను.

ఫ్రేన్ గారు ఇదంతా విని నోటు పుస్తకంలో రాసుకోకుండా జేబులోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి వలుచుకున్నారు. సన్నగా, పొడుగ్గా, యాభై దాటిన మనిషి. ఇంగ్లండులో ఉన్న పాత కప్పులన్నిటి గురించీ ఆయనకి తెలుసంటారు. తెలియనిది ఒక్కటే, నిచ్చెన ఎక్కడం. నాలుగో మెట్టు దాటితే ఆయనకి కళ్ళు తిరుగుతాయి.

"అయితే ఊరి తీర్పు పక్కన పెడదాం," అన్నారు గుడ్డు నములుతూ. "కర్రనే అడుగుదాం. మీరు పైకెక్కి అంకెలు చదవగలరా?"

అంకెలంటే, కొట్టు కట్టేటప్పుడు స్తంభాలూ దూలాలూ ముందు దొడ్లో నేల మీద పరిచి, ఒకదానికొకటి అమరేలా కోసి, ఏది దేని పక్కకి రావాలో తెలియడానికి ఉలితో గీతలు పెట్టేవారు. మళ్ళీ విడదీసి, ఎత్తే రోజున గీతలు చూసి కలిపేవారు. మూడో స్తంభానికి మూడు గీతలు, దాన్నుంచి దూలానికి ఊతంగా వంగి వెళ్ళే వంపు కర్రకీ మూడు గీతలు. దక్షిణం వరస వాటికి గీత చివర చిన్న తోక. చిన్నప్పుడు నాకు అక్షరాల కంటే ముందు వచ్చినవి ఆ గీతలే.

నిచ్చెన వేసుకుని ఒక్కోటీ చదివాను. ఆయన కింద నుంచి రాసుకున్నారు. ఒకటి, రెండు, మూడు. ఏడో స్తంభం మీద చెయ్యి పెట్టి పైనుంచి కిందిదాకా తడిమాను. ఏమీ లేదు. దాని పక్కది నాలుగు. తరవాత అయిదు, ఆరు.

"అంటే లెక్కలో ఇది లేదు," అన్నారు ఫ్రేన్ గారు. ఆయన గొంతు మారింది. "మిస్ ప్లెడ్జర్, లెక్కలో లేదంటే రెండే కారణాలు. లెక్క రాసినవాళ్ళు వెళ్ళిపోయాక వచ్చిందయినా అయ్యుండాలి, వాళ్ళు వచ్చేసరికే ఉన్నదయినా అయ్యుండాలి."

"వాళ్ళంటే మఠం వాళ్ళా? వాళ్ళకంటే ముందా?"

"తరవాతే అనుకుంటున్నాను," అన్నారు కాస్త జాలిగా. "ఏమీ అనుకోకండి. ముందు అని చెప్పాలంటే రుజువు కావాలి."

సరిగ్గా అప్పుడే పెద్ద తలుపు సందులోంచి ఐవర్ దూరాడు, భుజం మీద గోనెసంచి కప్పుకుని. అతనూ నేనూ ఒకే బడిలో ఒకే బెత్తం దెబ్బలు తిన్నాం. చెడ్డవాడని నేననను. పోయిన చలికాలంలో ఈ కప్పు పెంకు జారిపడి అతని ఆవు ఒకటి చచ్చింది. ట్రాక్టరు ఈ తలుపులో పట్టదు. అతని బాధలు అతనికున్నాయి. నోరు మాత్రం మంచిది కాదు.

"ఏం హెస్టర్, మీ నాన్న కర్రకి దండం పెట్టుకుంటున్నావా? పెట్టుకో పెట్టుకో, నా తరఫు సాక్షి అదే. గురువారం నేను నోరు తెరవక్కర్లేదు, దాన్ని చూపిస్తే చాలు."

"నీ సాక్షి నోరు ఇంకా తెరవలేదు ఐవర్. కాస్త నిచ్చెన పట్టుకో, ఊరికే నిలబడే బదులు."

"పడితే తప్పు నా మీద వేస్తావు." అంటూనే వచ్చి పట్టుకున్నాడు. "తొందరగా కానీ. ఆ తలుపు తీసి ఉంటే మా ముసలాయన ప్రాణం తీస్తాడు. మంచం పట్టి రెండేళ్ళయింది, నా పేరు మర్చిపోయాడు, మా ఆవిడ పేరు మర్చిపోయాడు. రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చోబెడతామా, ఒకటే ప్రశ్న. 'కొట్టు తలుపులు వేశారా?' వేశాం నాన్నా. అయిదు నిమిషాలు పోయాక మళ్ళీ. 'కొట్టు తలుపులు వేశారా?'"

"ఎనభై ఎనిమిదేళ్ళకి నువ్వేం అడుగుతావో చూద్దాంలే," అన్నాను.

పైన ఒక సంగతి నన్ను పీకుతోంది. వంపు కర్రలన్నిటికీ అంకెలున్నాయి. నాలుగో స్తంభం నుంచి పైకి వంగి, ఏడో దాని పక్కగా వెళ్ళి నిడుపు దూలంలో కలిసే వంపు కర్రకి మాత్రం లేదు. అంకె ఉండాల్సిన చోట, ఆ కర్రా ఏడో స్తంభమూ ఒకదాన్నొకటి రాసుకునే చోట, జానెడు పలక ఒకటి బిగించి ఉంది. దుమ్ము తుడిచాను. పలక అంచులు నాలుగూ వేలు కోసుకోకుండా నున్నగా చెక్కేసి ఉన్నాయి. అలా చెక్కే మనిషి నాకు ఒక్కరే తెలుసు.

"ఇది మా నాన్న పని," అన్నాను.

"అదిగో, ఒప్పుకుంది!" అన్నాడు ఐవర్ కింద నుంచి.

"స్తంభం కాదు, పలక. కానీ..." చీలల మీద వేలు పెట్టి చూశాను. పలకని పట్టుకున్నవి నాలుగు చెక్క చీలలు. మా నాన్న చీల కొడితే బొటనవేలంత బయటికి వదిలేవాడు. తరవాత ఏ వందేళ్ళకో మరమ్మతుకి వచ్చేవాడు పీక్కోవాలి కదా అనేవాడు. అలా వదలనందుకు నా చేత ఒకసారి పన్నెండు చీలలు తీయించి మళ్ళీ కొట్టించాడు. ఈ నాలుగూ మాత్రం పలకతో సమానంగా కోసేసి ఉన్నాయి. ఎవరూ తియ్యకూడదని కొట్టిన చీలలవి.

ఆ సంగతి కిందున్న ఇద్దరికీ చెప్పాను. ఫ్రేన్ గారు గుడ్డు పెంకులు జేబులో వేసుకుని లేచి నిలబడ్డారు.

"తీయగలరా?"

"ఇది నా కొట్టు," అన్నాడు ఐవర్.

"శుక్రవారం పడగొట్టే కొట్టులో ఒక పలక ఊడితే నీకేం పోయిందోయ్? నీ సాక్షి మీద నీకే నమ్మకం లేదా?" అన్నాను నేను.

అతని మొహం కందగడ్డ అయింది. "తియ్యి," అన్నాడు.

నాన్న బర్మాతోనే నాన్న చీలలకి బెజ్జాలు వేశాను.  ఆయన వద్దన్న పని ఆయన పనిముట్టుతో చేస్తున్నాను. నాలుగో చీల పొడి అయిపోయాక పలక కింద ఉలి దూర్చి లేవదీశాను. అది చేతిలోంచి జారి గడ్డిలో పడింది. అప్పుడు దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

పలక వెనక వంపు కర్రకి లోతుగా గంటు ఉంది. ఏడో స్తంభం ఒరుసుకుని వెళ్ళడానికి సరిగ్గా దాని మందమంత తొలిచిన గంటు. ఆ గంటు అడుగున, స్తంభానికీ కర్రకీ మధ్య సందులో, నీడలో, నాలుగు గీతలు. చివరిదానికి చిన్న తోక.

"చెప్పండి, ఏముంది?" ఫ్రేన్ గారు కింద తిరుగుతున్నారు. "ఏం కనిపిస్తోందో ఉన్నదున్నట్టు చెప్పండి!"

చెప్పాను. నేను ముగించేలోగా ఆయన నిచ్చెన మొదటి మెట్టు ఎక్కారు. రెండోది, మూడోది, నాలుగోది. అయిదో మెట్టు మీద కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఆగారు. పైకి వచ్చి నా పక్కన వేలాడుతూ, నా ఏప్రన్ గుప్పిట పట్టుకుని, టార్చి వేసి చూశారు. ఆయన నుదుటి మీద చెమటలు పోసి ఉన్నాయి.

"గంటులో అంకె," అన్నారు మెల్లగా. "అంకె తెగలేదు. అంకె పెట్టాక గంటు కొట్టి ఉంటే అంకె సగం ఎగిరిపోయేది. ముందు గంటు, ఆ తరవాత అంకె. ఎత్తే ముందే, దొడ్లోనే, వాళ్ళకి తెలుసు ఈ కర్ర దేన్నో తప్పుకుని వెళ్ళాలని. అంటే స్తంభం అప్పటికే ఇక్కడుంది. దాన్ని కదపకుండా దాని చుట్టూ కట్టుకున్నారు."

"గంటూ అంకే రెండూ ఏమస్సే చెక్కి ఉండొచ్చుగా?" అన్నాడు ఐవర్ కింద నుంచి. "ఆయనకి చేతకాదా?"

మంచి ప్రశ్నే.  నాన్నకి చేతనవును. చేతకాదని అబద్ధం ఆడలేను.

ఫ్రేన్ గారు నావంక చూశారు, మీరే చెప్పండి అన్నట్టు. టార్చి తీసుకుని మళ్ళీ చూశాను. పచ్చి ఓక్ తోనే మేం పని చేస్తాం, అది కట్టడంలో బిగించాక ఆరుతుంది, ఆరేటప్పుడు పగులుతుంది. ఈ వంపు కర్రలో పగులొకటి గంటు బయట మొదలై, గంటు లోపలికి దిగి, రెండో గీత మధ్యగా పోయింది. నా చిటికెన వేలు పడుతుంది అందులో. ఎండి పగిలిన కర్రలో గీత చెక్కితే పగులు అంచున పెచ్చు లేస్తుంది. ఇక్కడ పెచ్చు లేదు. గీత రెండు ముక్కలై, ఇటు సగం అటు సగం, శుభ్రంగా ఎడంగా జరిగింది.

"ఐవర్," అన్నాను, "ఇది పచ్చిగా ఉన్నప్పుడు చెక్కిన గీత. పగులు తరవాత వచ్చి దాన్ని చీల్చింది. నలభై ఆరేళ్ళ కిందటికే ఎండిపోయిన కర్రకి ఇంత పగులు కొత్తగా రాదు. మా నాన్న పుట్టక ముందు, వాళ్ళ తాత పుట్టక ముందు పచ్చి కర్ర ఇది."



"మఠం వాళ్ళ కంటే ముందే," అన్నారు ఫ్రేన్ గారు. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే. "ఎవరు నిలబెట్టారో, ఎందుకు తియ్యలేదో నాకు తెలీదు మిస్ ప్లెడ్జర్. కానీ కమిటీకి ఇది చాలు. ఎక్కువే. ఇక దయచేసి నన్ను ఎవరైనా కిందికి దించండి."

ఇద్దరం కలిసి ఆయన్ని దించాం. ఆయన బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డారు. నేను ఏడో స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాను. నాన్న తప్పు చెయ్యలేదు. నలభై ఆరేళ్ళు ఊరు నవ్విన నవ్వంతా ఒట్టిది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, ఐవర్ చూస్తున్నాడని ఆపుకోలేదు.

ఆ ఏడుపు సగంలో ఉండగానే ఇంకో ఆలోచన వచ్చింది. నాన్న ఈ అంకె చూశాడు. చూసి, ఇదేమిటో తెలిసి, పలక వేసి మూశాడు. ఏ రోజు సారాకొట్లో ఎవడు వెక్కిరించినా, రండిరా చూపిస్తానని లాక్కొచ్చి నాలుగు చీలలు పీకితే చాలు. నాతో ఒక్క మాట అన్నా చాలు. అనలేదు. చేతకానివాడనిపించుకునే పోయాడు.

"ఎందుకు మూశాడు?" అన్నాను పైకే.

ఐవర్ వంగి గడ్డిలోంచి ఆ పలక తీసి, తిరగేసి చూస్తున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి, బళ్ళో పాఠం చదివినప్పటిలా. మొహంలో రక్తం లేదు. పలక నా చేతిలో పెట్టి ఓ అడుగు వెనక్కి వేశాడు.

లోపలి వైపు వడ్రంగి పెన్సిలుతో నాన్న రాత ఉంది, నిన్న రాసినట్టు నల్లగా: "ఇది నేను నిలబెట్టింది కాదు. మాట ఇచ్చాను గనక మూస్తున్నాను. ఏ. ప్లెడ్జర్, అక్టోబరు 1921." దాని కింద ఇంకో చేతి రాత, ముద్దముద్దగా, ఒక్క మాట, ఒక పేరు: "నిజం. జె. కట్‌బుష్."

"మా నాన్న రాత," అన్నాడు ఐవర్. "హెస్టర్, నాకేం తెలీదు. ఒట్టు, నాకేం తెలీదు."

మొట్టమొదటిసారి అతని మాట నమ్మాను. ఇద్దరం పలకతో సహా తలుపు వైపు నడిచాం. ఎక్కడికో ఒకరికొకరం చెప్పుకోలేదు, చెప్పుకోనక్కర్లేదు. దొడ్డి అవతల ఇంటి పై అంతస్తు కిటికీ కనిపిస్తోంది, రోజూ ముసలాయన్ని కూర్చోబెట్టే కిటికీ. కుర్చీ ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.

ఆయన దొడ్లో ఉన్నాడు. రెండేళ్ళుగా మంచం దిగని జోసయా కట్‌బుష్, తడిసిన నైట్‌షర్టులో, బురదలో ఉత్త కాళ్ళతో, ఓ చేత్తో నీళ్ళ తొట్టి పట్టుకుని, బార్లా తెరిచి ఉన్న కొట్టు తలుపుల వంక చూస్తున్నాడు. ఐవర్ "నాన్నా!" అని కేకేసి పరిగెత్తాడు. ఆయన కొడుకుని చూడలేదు. నా నెత్తి మీది టోపీ చూశాడు, నడుముకి ఉన్న తోలు ఏప్రన్ చూశాడు, చివరికి నా చేతిలో పలక చూశాడు. ఆ ముసలి కళ్ళలోంచి నీళ్ళు కారడం వానలో కూడా నాకు తెలిసింది.

"పలక విప్పేశావా ఏమస్?" అన్నాడు. "నేను పోయేదాకా ఆగుతానన్నావు కదయ్యా!"